దమ్ము, ఆయాసం, ఊపిరి గొట్టాల్లోని రిసెప్టర్లు: నల్లగొండ, పాలమూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే వీధిలో ఇద్దరికి దమ్ము ఉంటుంది. ఒకరికి ఇన్‌హేలర్ రెండు పఫ్‌లు పీల్చగానే ఊపిరి ఆడుతుంది. ఇంకొకరికి అదే ఇన్‌హేలర్ అంతంత మాత్రంగా పనిచేస్తుంది. బయటికి కనిపించే ఆయాసం ఒకటే అయినా, లోపల దాన్ని రేపుతున్న రిసెప్టర్లు వేరు కావడం ఇందుకు పెద్ద కారణం. ఏ రిసెప్టర్ ఏం చేస్తుందో కొంచెం తెలిస్తే డాక్టర్ రెండు రకాల ఇన్‌హేలర్లు ఎందుకు రాశారో, పొయ్యి పొగకు దూరంగా ఉండమని ఎందుకు అంటున్నారో, చేనుకు మందు కొట్టే రోజు ఎందుకు జాగ్రత్త పడాలో అర్థమవుతుంది. మన జిల్లాల్లో పత్తి చేను, రైస్ మిల్లు, క్రషర్, కట్టెల పొయ్యి గురించే ఎక్కువ అడుగుతారు కాబట్టి జవాబులు కూడా వాటి చుట్టూనే ఉంటాయి. ఇవి చదివి మందులు మాత్రం సొంతంగా మార్చకండి.

అసలు రిసెప్టర్ అంటే ఏమిటి?

కణం పైపొర మీద, కొన్నిసార్లు కణం లోపల ఉండే ఒక ప్రోటీన్. బయటి నుంచి వచ్చిన రసాయనం దానికి అతుక్కోగానే ఆ కబురు లోపలికి వెళ్లి కణంలో పని మొదలవుతుంది. బోరు మోటారు వందల అడుగుల లోతులో ఉంటుంది, మనం పైన స్టార్టర్ బటన్ నొక్కుతాం. పైపొర మీది రిసెప్టర్ కూడా అలాంటిదే. రసాయనం కణంలోకి పోనక్కర్లేదు, బయట తాకితే చాలు. పాఠ్యపుస్తకాల్లో గ్రాహకం అని రాస్తారు.

ఊపిరి గొట్టాల్లో ఇవి ఒకచోట పోగుపడి ఉండవు. గొట్టం లోపలి పూత కణాల మీద, శ్లేష్మం తయారుచేసే గ్రంథుల మీద, గొట్టాన్ని చుట్టి ఉన్న కండరం మీద, నరాల చివర్ల మీద, కాపలా తిరిగే తెల్లరక్తకణాల మీద రకరకాలుగా ఉంటాయి. వీటిలో పెద్ద కుటుంబం జీ-ప్రోటీన్ సాయంతో కబురు పంపేది. ఆ కుటుంబం పనితీరును తేల్చినందుకు రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయాన్ కోబిల్కాలకు 2012లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. వాళ్లు ఏళ్ల తరబడి వెంటపడింది మన ఆస్తమా ఇన్‌హేలర్ తాకే బీటా-2 రిసెప్టర్ కోసమే.

దమ్ము లేచినప్పుడు గొట్టాల్లో ఏం జరుగుతుంది?

మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపలి పొర వాస్తుంది, శ్లేష్మం ఊరుతుంది. దారి సన్నబడితే గాలి ఎంత కష్టపడాలో లెక్క చూస్తే భయమేస్తుంది. గొట్టం వ్యాసార్థం సగమైతే గాలికి ఎదురయ్యే అడ్డు దాదాపు 16 రెట్లు పెరుగుతుంది. కొంచెం వాపుకే ఊపిరి అందకపోవడం, పిల్లికూతలు వినిపించడం అందుకే.

కండరాన్ని బిగించే ముఖ్యమైన కబురు వేగస్ నరం నుంచి వస్తుంది. ఆ నరం చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై కండరం మీది ఎం3 రిసెప్టర్‌కు అతుక్కుంటుంది. కణం లోపల దాచి ఉన్న కాల్షియం బయటపడుతుంది, కండరం ముడుచుకుంటుంది. శ్లేష్మ గ్రంథుల మీద కూడా ఎం3 ఉంటుంది కాబట్టి తెమడ కూడా పెరుగుతుంది. ఇక నరం చివర మీద ఎం2 అనే మరో రిసెప్టర్ ఉంటుంది. "చాలు, ఇక అసిటైల్‌కోలిన్ ఆపు" అని నరానికి చెప్పేది అది. జబ్బులో ఈ ఎం2 చెడిపోతే నరానికి ఆపేవాడు ఉండడు. ఈ ఎం2 మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

పత్తి చేనుకు మందు కొట్టిన రోజు రాత్రి నాకు ఛాతీ పట్టేసి పిల్లికూతలు వస్తాయి. దమ్ము ఉన్నందుకేనా, మందు వల్లనా?

రెండూ కావచ్చు. ఈ ప్రశ్నను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, అసిఫేట్ లాంటి మందులు ఆర్గానోఫాస్ఫేట్ జాతివి. అసిటైల్‌కోలిన్ పని అయిపోగానే దాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ ఒకటి మన ఒంట్లో ఉంటుంది. ఈ మందులు పురుగులో చంపేది ఆ ఎంజైమ్‌నే. మనిషిలో కూడా అదే ఎంజైమ్ కాబట్టి మోతాదు ఎక్కువైతే మనకూ అదే గతి. ఎంజైమ్ పనిచేయకపోతే అసిటైల్‌కోలిన్ పేరుకుపోయి ఎం3 రిసెప్టర్ అదేపనిగా నొక్కినట్టే ఉంటుంది. గొట్టాలు ముడుచుకుంటాయి, నోట్లో లాలాజలం, ముక్కు, కళ్ల నుంచి నీళ్లు, విపరీతమైన చెమట, ఛాతీలో నురగలాంటి తెమడ. కంటిపాపలు సూదిమొనంత చిన్నవైపోతాయి. కండరాలు అదురుతాయి. ఆస్పత్రిలో అట్రోపిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది ఈ రిసెప్టర్ల మీద కూర్చుని అసిటైల్‌కోలిన్‌ను తాకనివ్వదు.

ఇది పెద్ద మోతాదు సంగతి. చిన్న మోతాదు సంగతి కూడా ఉంది. గినీ పందుల మీద చేసిన ప్రయోగాల్లో, ఎంజైమ్‌ను పెద్దగా దెబ్బతీయని కొద్దిపాటి ఆర్గానోఫాస్ఫేట్ కూడా నరం చివరి ఎం2 రిసెప్టర్ పనిని చెడగొట్టింది. ఆపే రిసెప్టర్ పోయాక వేగస్ నరం నుంచి మామూలు కబురు వచ్చినా గొట్టాలు అతిగా ముడుచుకున్నాయి. విషం ఎక్కిన లక్షణాలేవీ లేకుండానే ఆ రాత్రి ఛాతీ పట్టేయడానికి ఇది ఒక దారి. ఇప్పటికే ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ దారి మరీ దగ్గర.

ఏం చేయాలి? దమ్ము ఉన్నవాళ్లు మందు కొట్టే పని వీలైతే వేరేవాళ్లకు అప్పజెప్పాలని నా గట్టి అభిప్రాయం. తప్పకపోతే గాలివాటు చూసి, గాలికి ఎదురు నిలబడకుండా కొట్టండి. ఈ మందులు చర్మం గుండా కూడా లోపలికి పోతాయి, కాబట్టి మూతికి దస్తీ కట్టుకుని లుంగీ, బనీనుతో కొడితే రక్షణ ఉన్నట్టు కాదు. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు కావాలి. పంపు నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు. ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేసి ఆ బట్టలు విడిగా ఉతకాలి. పని మధ్యలో నోరూరడం, చూపు మసకబారడం, ఆయాసం మొదలైతే వెంటనే చేను వదిలి, బట్టలు మార్చి, ఒళ్లు కడిగించి 108కి ఫోన్ చేయాలి. మందు డబ్బా వెంట తీసుకెళ్లండి. డబ్బా మీది పేరు చూస్తే డాక్టర్‌కు సగం పని అయినట్టే.

సాల్బుటమాల్ పీల్చగానే ఎలా తగ్గుతుంది?

ఎం3కి సరిగ్గా ఎదురుగా పనిచేసే రిసెప్టర్ అదే కండరం మీద ఉంది. దాని పేరు బీటా-2. మామూలుగా దాన్ని తట్టేది మన ఒంట్లో ఊరే అడ్రినలిన్. సాల్బుటమాల్ దాన్నే అనుకరిస్తుంది. బీటా-2 తగలగానే కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే కబురు పెరిగి, కాల్షియం దిగి, కండరం సడలుతుంది. కొద్ది నిమిషాల్లో పని మొదలై 4 నుంచి 6 గంటలు ఉంటుంది. చేతులు వణకడం, గుండె దడదడలాడటం కూడా ఆ జాతి రిసెప్టర్లు కండరాల్లో, గుండెలో ఉన్నందువల్లే.

ఇంకో దారి ఎం3ని కప్పేయడం. ఇప్రాట్రోపియం, టయోట్రోపియం చేసేది అదే. టయోట్రోపియం ఎం3ని ఒకసారి పట్టుకుంటే చాలాసేపు వదలదు, అందుకే రోజుకు ఒక్కసారి చాలు. సీఓపీడీ, అంటే ఎక్కువగా ఏళ్ల తరబడి పొగ వల్ల గొట్టాలు శాశ్వతంగా సన్నబడే జబ్బు ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా రాస్తారు.

పీల్చగానే తగ్గే ఇన్‌హేలర్ ఉండగా రోజూ స్టెరాయిడ్ ఎందుకు? స్టెరాయిడ్ అంటేనే భయమేస్తుంది.

ఆస్తమాలో అసలు జబ్బు వాపు. కండరం బిగుసుకోవడం దాని ఫలితం. సాల్బుటమాల్ బీటా-2ని తట్టి కండరాన్ని వదులు చేస్తుంది కానీ వాపును ముట్టుకోదు. రోజూ దాని మీదే బతికితే లోపల వాపు పెరుగుతూనే ఉంటుంది, మనిషికి మాత్రం "నాకు బాగానే ఉంది" అనిపిస్తుంది. అదే ప్రమాదం.

రెండో చిక్కు రిసెప్టర్‌దే. ఒక రిసెప్టర్‌ను అదేపనిగా తడుతుంటే కణం దాన్ని మాట వినకుండా చేస్తుంది. బీటా-అరెస్టిన్ అనే ప్రోటీన్ వచ్చి అతుక్కుంటుంది, కొన్ని రిసెప్టర్లు పైపొర నుంచి లోపలికి లాక్కోబడతాయి. నెల తిరిగేసరికి అవే రెండు పఫ్‌లు మునుపటిలా పనిచేయడం లేదని మనిషి నాలుగుకు పెంచుతాడు. న్యూజిలాండ్‌లో 1976 తర్వాత ఆస్తమా మరణాలు ఒక్కసారిగా పెరిగాయి. బీటా-2ని గట్టిగా తట్టే ఫెనోటెరాల్ వాడకమే ముఖ్య కారణమని తర్వాత పరిశోధకులు తేల్చారు. దాన్ని కట్టడి చేశాక మరణాలు తగ్గాయి.

స్టెరాయిడ్ దారి వేరు. దాని రిసెప్టర్ కణం పైన కాదు, లోపల ఉంటుంది. స్టెరాయిడ్ పొర దాటి లోపలికి పోయి ఆ రిసెప్టర్‌ను పట్టుకుంటే, రెండూ కలిసి కేంద్రకంలోకి వెళ్లి వాపు పుట్టించే జన్యువులను ఆపుతాయి. దానికి గంటలు, రోజులు పడుతుంది, పీల్చగానే తేడా తెలియదు. చాలామంది వారం వాడి "ఏం పనిచేస్తలేదు" అని మానేసేది ఇక్కడే. అది చేసే ఇంకో మేలు ఏమిటంటే కణంలో కొత్త బీటా-2 రిసెప్టర్లు తయారయ్యేలా చూస్తుంది. అంటే స్టెరాయిడ్ వాడేవాళ్లకు రిలీఫ్ ఇన్‌హేలర్ కూడా బాగా పనిచేస్తుంది.

భయం సంగతి. ఆయాసం ముదిరినప్పుడు ఆస్పత్రిలో ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 40 మిల్లీగ్రాములు ఉండొచ్చు. ఇన్‌హేలర్‌లోని స్టెరాయిడ్ బుడెసొనైడ్ ఒక పఫ్‌కు సాధారణంగా 200 మైక్రోగ్రాములు. తూకంలో అది 200 వంతుల్లో ఒక వంతు, పైగా నేరుగా గొట్టాల్లోకే పోతుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోట్లో తెల్లపూత రాకుండా ఉంటుంది. పన్నెండేళ్లు దాటిన ఆస్తమా వాళ్లకు సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వొద్దని, స్టెరాయిడ్ తప్పక ఉండాలని ప్రపంచ ఆస్తమా మార్గదర్శకాలు, అంటే గినా, 2019లో తేల్చి చెప్పాయి. బీటా-2ని తట్టే ఫార్మోటెరాల్, స్టెరాయిడ్ అయిన బుడెసొనైడ్ కలిసిన ఇన్‌హేలర్‌ను రోజువారీకీ, ఆయాసం వచ్చినప్పుడూ వాడమని డాక్టర్లు రాసేది ఇందుకే. ఫార్మోటెరాల్ కూడా నిమిషాల్లో పని మొదలుపెడుతుంది.

ఇన్‌హేలర్ అలవాటైతే మానలేమట, నిజమేనా?

మత్తుమందులా అలవాటు కాదు. మానేస్తే జబ్బు తిరిగి వస్తుంది, ఎందుకంటే జబ్బు ఉంది. బీపీ గోలీ రోజూ వేసుకునేవాళ్లను ఎవరూ ఇలా అడగరు.

మా అమ్మ బీడీ ముట్టలేదు, కట్టెల పొయ్యి మీద ముప్పై ఏళ్లు వండింది. సీఓపీడీ అంటున్నారు. ఎలా వచ్చింది?

ఆ పొయ్యి నుంచే. కట్టెలు, పత్తి కట్టె, పిడకలు గాలి ఆడని వంటింట్లో కాలిస్తే వచ్చే పొగలో బీడీ పొగలో ఉండే చాలా రసాయనాలే ఉంటాయి. తాగింది పెదవులతోనా, పొయ్యి ముందు కూర్చునా అన్నది గొట్టాలకు తెలియదు.

పొగలోని అక్రోలిన్ అనే ఘాటు పదార్థం నరాల చివర్ల మీది ట్రిపా-1 అనే రిసెప్టర్‌ను రేపుతుంది. కళ్ల మంట, దగ్గు వెంటనే వచ్చేది దానివల్ల. నెమ్మదిగా సాగే నష్టం లోపలి పూత కణాల మీది ఈజీఎఫ్ రిసెప్టర్ ద్వారా జరుగుతుంది. మామూలుగా అది దెబ్బతిన్న పొరను బాగుచేయమని చెప్పే రిసెప్టర్. పొగ రోజూ తగులుతుంటే అది రోజూ పనిలోనే ఉంటుంది, దాని కబురుతో శ్లేష్మం తయారుచేసే కణాలు పెరిగిపోతాయి. పొద్దున లేవగానే గంటసేపు తెమడ తీసుకునే ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది! పొగ ఇంకో కబురు కూడా పంపుతుంది. ఐఎల్-8 అనే రసాయనం విడుదలై, న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు తమ మీది సీఎక్స్‌సీఆర్-2 రిసెప్టర్‌తో ఆ వాసన పట్టి గుంపులుగా వస్తాయి. అవి వదిలే ఎలాస్టేస్ అనే ఎంజైమ్ గాలి సంచుల గోడలను కరిగిస్తుంది. కరిగిన గోడ తిరిగి రాదు.

సీఓపీడీలో స్టెరాయిడ్ ఆస్తమాలో చేసినంత పని చేయకపోవడానికి కూడా కారణం దొరికింది. స్టెరాయిడ్ రిసెప్టర్ వాపు జన్యువులను ఆపడానికి హెచ్‌డాక్-2 అనే ఎంజైమ్ తోడు కావాలి. పొగ దాన్ని తగ్గిస్తుంది. రిసెప్టర్ ఉన్నా చేతికింద పనిముట్టు లేనట్టు అవుతుంది. అందుకే అమ్మకు ఎం3ని కప్పే మందు ముందు రాసి ఉంటారు.

ఉజ్వల పథకం 2016లో వచ్చాక గ్యాస్ చాలా ఇళ్లకు చేరింది, కానీ సిలిండర్ ధరకు భయపడి నీళ్లు కాచడానికి, పశువుల దాణా ఉడికించడానికి మళ్లీ కట్టెలే వెలిగిస్తున్నారు. సీఓపీడీ ఉన్న అమ్మను ఆ పొయ్యి దగ్గర కూర్చోనివ్వకండి. పొయ్యిని వాకిట్లోకి, గాలి ఆడే చోటికి మార్చినా మేలే. ఇంట్లో మగవాళ్లు ఈ పని అందుకోవాలి, ఇది అమ్మ ఒక్కదాని సమస్య కాదు.

తాలింపులో ఎండుమిరపకాయ మాడితే ఇల్లంతా దగ్గుతాం. ఇదీ జబ్బేనా?

కాదు, అది మంచి కాపలా. మిరపలోని కాప్సైసిన్ ట్రిప్‌వీ-1 రిసెప్టర్‌ను తాకుతుంది, వేడిని పసిగట్టేది కూడా అదే. దాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్య నోబెల్ వచ్చింది. ఇంట్లో అందరూ ఒకసారి దగ్గి ఊరుకుంటే మీరొక్కరే అరగంట దగ్గుతున్నారా, అప్పుడు ఆ నరాలు అతిగా చురుకై ఉన్నట్టు. చూపించుకోండి.

మిర్యాలగూడ రైస్ మిల్లులో పని. సెలవు తర్వాత పనికి వెళ్లిన రోజే ఛాతీ బిగుతు ఎక్కువ. ఎందుకు?

ధాన్యం దుమ్ము, ఊక, జిన్నింగ్ మిల్లుల్లో పత్తి దుమ్ము ఉత్త మట్టి కాదు. వాటితో పాటు బ్యాక్టీరియా పైపొర ముక్కలు, ఎండోటాక్సిన్ అనేవి గాలిలో తేలుతాయి. మన కణాల మీద వీటిని పట్టే రిసెప్టర్ టీఎల్ఆర్-4. బ్యాక్టీరియా వచ్చిందని తెలియజేయడం దాని పని, అందుకని బతికున్న బ్యాక్టీరియాకూ చచ్చిన ముక్కకూ తేడా చూడకుండా వాపును రేపుతుంది. దాని పని 1998లో తేల్చినవారిలో ఒకరైన బ్రూస్ బ్యూట్లర్‌కు 2011లో నోబెల్ అందింది.

రోజూ తగులుతుంటే ఒళ్లు కొంత సర్దుకుంటుంది. రెండు రోజులు విరామం వచ్చాక మళ్లీ తగిలినప్పుడు స్పందన గట్టిగా ఉంటుంది. పత్తి మిల్లుల్లో ఈ జబ్బును బిస్సినోసిస్ అంటారు, సోమవారం ఛాతీ బిగుతు దాని గుర్తు. తొలి ఏళ్లలో పని మారితే తగ్గుతుంది, ఏళ్లు గడిచాక మిగిలిపోతుంది. దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టమని యజమానిని నలుగురూ కలిసి అడగండి, ఒక్కరే అడిగితే పని పోతుందన్న భయం ఉంటుందని తెలుసు.

క్రషర్‌లో, గ్రానైట్ కటింగ్‌లో పనిచేసేవాళ్ల దమ్ము కూడా ఇదేనా?

కాదు, ఇది ఇంకా చెడ్డది. రాతి దుమ్ములోని సిలికా, 5 మైక్రాన్ల కంటే చిన్న రేణువులు, గొట్టాలు దాటి గాలి సంచుల దాకా పోతాయి. అక్కడి మాక్రోఫేజ్ కణాలు మార్కో అనే రిసెప్టర్‌తో వాటిని పట్టి మింగుతాయి. మింగిన రాయి అరగదు, కణం లోపలి సంచిని చీల్చుతుంది. కణం చస్తూ ఐఎల్-1 బీటా అనే వాపు రేపే రసాయనాన్ని వదులుతుంది, రేణువును ఇంకో కణం మింగుతుంది, కథ మళ్లీ మొదలు. ఈ గొడవలో పుట్టే టీజీఎఫ్-బీటా తన రిసెప్టర్ ద్వారా ఫైబ్రోబ్లాస్ట్ కణాలకు కొల్లాజెన్ అనే గట్టి పీచు అల్లమని చెబుతుంది. ఊపిరితిత్తి గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్.

దీన్ని వెనక్కి తిప్పే మందు లేదు. పని మానేసినా కొందరిలో ముదురుతుంది. టీబీ వచ్చే అవకాశం కూడా బాగా పెరుగుతుంది. పాలమూరు నుంచి బతుకుదెరువుకు వలసపోయి రాతి పనులు చేసి వచ్చిన మనిషికి దగ్గు, బరువు తగ్గడం ఉంటే ఏ పనిలో ఎన్నేళ్లు ఉన్నాడో డాక్టర్‌కు తప్పక చెప్పాలి. చెప్పకపోతే ఎక్స్‌రే చూసి టీబీ అనుకుని మందులు నడిపే ప్రమాదం ఉంది. చట్టం ప్రకారం సిలికోసిస్ ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు. దస్తీ ఈ రేణువులను ఆపదు, ఎన్-95 మాస్క్ కావాలి, అంతకంటే ముందు రాయిని తడిపి కోయాలి.

సర్కారు తుమ్మ పూసినప్పుడు, వయ్యారిభామ పెరిగినప్పుడు తుమ్ములు, దమ్ము ఎందుకు?

రెండింటి పుప్పొడికీ అలర్జీ రేపే గుణం ఉంది. అలర్జీ ఉన్నవాళ్ల మాస్ట్ కణాల మీది రిసెప్టర్లకు ఐజీఈ అనే ప్రతిరక్షకాలు ముందే అతుక్కుని ఉంటాయి. పుప్పొడి వచ్చి పక్కపక్క ఐజీఈలను కలిపితే నిమిషాల్లో హిస్టమిన్, ల్యూకోట్రైన్లు బయటపడతాయి. కొన్ని గంటల తర్వాత రెండో విడత వాపు మొదలవుతుంది, పొద్దున చెలకలో తిరిగితే సాయంత్రం దమ్ము రావడం అందుకే.

ముసురు రోజుల్లో పాత బొంతల్లో పెరిగే డస్ట్ మైట్లు, అంటే కంటికి కనిపించనంత చిన్న పురుగులు, ఇంకో దారిలో వస్తాయి. వాటి రెట్టలో ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లు ఉంటాయి. అవి పూత కణాల మధ్య అతుకులను తెంపుతాయి, కణాలు టీఎస్ఎల్‌పీ, ఐఎల్-33 అనే ప్రమాద కబుర్లు విడుదల చేస్తాయి. బొంతలను ఎండలో బాగా వేయండి, వేడి నీళ్లలో ఉతకండి.

పిల్లలకు జలుబు చేసిన ప్రతిసారీ దమ్ము వస్తుంది.

ఎక్కువగా రైనోవైరస్ వల్ల. దానిలో చాలా రకాలు ఐకామ్-1 అనే రిసెప్టర్ పట్టుకుని కణంలోకి దూరతాయి. పిల్లల్ని ఎక్కువ బాధపెట్టే సి-రకం సీడీహెచ్ఆర్-3ని వాడుకుంటుంది. పైగా వైరస్ జ్వరాల్లో పైన చెప్పిన ఎం2 రిసెప్టర్ సరిగ్గా పనిచేయదు. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. పిల్లవాడికి రోజూ పీల్చే మందు రాసి ఉంటే జలుబు రోజుల్లో మానిపించకండి.

నొప్పుల గోలీ వేసుకుంటే దమ్ము లేచింది. టెన్షన్‌కు ఇచ్చిన గోలీతో కూడా ఒకసారి లేచింది. ఎలా?

రెండూ రిసెప్టర్ల కథే. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ ఒక ఎంజైమ్‌ను ఆపితే ముడిసరుకంతా ల్యూకోట్రైన్ల తయారీకి మళ్లుతుంది. అవి గొట్టం కండరం మీది సిస్‌ఎల్‌టీ-1 రిసెప్టర్‌ను గట్టిగా తాకుతాయి. అందరికీ కాదు, ముఖ్యంగా ముక్కులో కండలు పెరిగిన పెద్దవాళ్లలో ఇది కనిపిస్తుంది. మాంటెలుకాస్ట్ ఆ రిసెప్టర్‌నే మూస్తుంది. దానితో నిద్ర చెడటం, మనసు బాగోలేకపోవడం కొందరిలో ఉంటుందని అమెరికా ఔషధ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక జోడించింది, పిల్లల్లో అలాంటి మార్పు కనిపిస్తే డాక్టర్‌కు చెప్పండి.

గుండెదడ, టెన్షన్, చేతుల వణుకు, తలనొప్పికి ఇచ్చే ప్రొప్రనలాల్ బీటా రిసెప్టర్లను మూసేస్తుంది. సాల్బుటమాల్ తట్టాల్సిన బీటా-2 కూడా అందులో ఉంది. కంటిలో వేసే టిమొలాల్ చుక్కలు కూడా ఇలా చేయగలవు. ఆర్ఎంపీ దగ్గరికి పోయినా, కంటి డాక్టర్ దగ్గరికి పోయినా మొదటి మాటగా "నాకు దమ్ము ఉంది" అని చెప్పండి.

మృగశిర కార్తె నాడు చేప ప్రసాదం తీసుకుంటే సరిపోదా?

ఏటా జూన్‌లో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కు మన జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వెళ్తాయి, వాళ్ల ఆశ నాకు అర్థమవుతుంది. కానీ అది పైన చెప్పిన ఏ రిసెప్టర్ మీదైనా పనిచేసి ఆస్తమాను తగ్గిస్తుందని పరీక్షల్లో రుజువు కాలేదు. వెళ్లాలనుకుంటే ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని వెళ్లండి, వచ్చాక ఒక్క రోజు కూడా మానకండి. ఆయాసపడుతున్న చిన్నపిల్లల గొంతులో మాత్రం చేపపిల్లను వేయించవద్దు.

నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్‌తో దమ్ము వస్తుందా?

ఫ్లోరైడ్ ఎముకలు, పళ్ల మీద దెబ్బ కొడుతుంది, ఆస్తమాకు అది కారణం కాదు. ఫ్లోరోసిస్ బాగా ముదిరి పక్కటెముకలు బిగుసుకుపోయినవాళ్లకు ఛాతీ విప్పారక ఆయాసం రావొచ్చు. దానికి ఇన్‌హేలర్ పనిచేయదు.

ఏ పరీక్ష చేయించుకోవాలి? ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

స్పైరోమెట్రీ. గొట్టంలోకి గట్టిగా ఊదిస్తారు, సాల్బుటమాల్ ఇచ్చి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో వదిలిన గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే ఆస్తమా వైపు మొగ్గు. మందు తర్వాత కూడా మొదటి సెకను గాలి మొత్తంలో 70 శాతం దాటకపోతే సీఓపీడీ అనుమానం. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో, బీబీనగర్ ఎయిమ్స్‌లో, హైదరాబాద్ ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రిలో ఊపిరితిత్తుల డాక్టర్లను కలవొచ్చు.

ఒక మాట పూర్తిగా మాట్లాడలేకపోవడం, పెదవులు నీలిరంగుకు తిరగడం, ఇన్‌హేలర్ పీల్చినా తగ్గకపోవడం, మనిషి మగతగా అయిపోవడం కనిపిస్తే 108. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి ఇంకా ఆయాసపడుతుంటే అది తగ్గడం కాదు, గాలి కదలడం లేదని. ప్రపంచంలో ఆస్తమాతో చనిపోయేవాళ్లలో 40 శాతానికి పైగా మన దేశం వాళ్లేనని 2019 అంచనాలు చెబుతున్నాయి.

కొత్త ఇంజెక్షన్లు వచ్చాయట, అవేమిటి?

రిసెప్టర్ల పరిశోధన నుంచి నేరుగా పుట్టినవి. ఒమాలిజుమాబ్ ఐజీఈని పట్టుకుని మాస్ట్ కణం రిసెప్టర్‌కు చేరనివ్వదు, అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది. మెపోలిజుమాబ్ ఐఎల్-5 అనే వాపు కబురును, బెన్రాలిజుమాబ్ ఐఎల్-5 రిసెప్టర్‌ను అడ్డుకుంటాయి. డుపిలుమాబ్ మూసేది ఐఎల్-4, ఐఎల్-13 అనే అలాంటి కబుర్లు రెండూ వాడుకునే ఒకే రిసెప్టర్‌ను. 2021లో వచ్చిన టెజెపెలుమాబ్ ఇంకా మొదట్లోనే, టీఎస్ఎల్‌పీ దగ్గరే ఆపుతుంది.

ఇవి అందరికీ కావు, ఖరీదు చాలా ఎక్కువ. రక్తంలో ఇయోసినోఫిల్ అనే తెల్లకణాల సంఖ్య, ఐజీఈ చూసి ఏది పనికొస్తుందో డాక్టర్ తేలుస్తారు. చాలామందిలో అంతదాకా పోయే అవసరం రాదు. "ఇన్‌హేలర్ పనిచేయడం లేదు" అని వచ్చేవాళ్లలో ఎంతోమంది దాన్ని తప్పుగా పీలుస్తుంటారు. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరక మందు నాలుక మీదే ఆగిపోతుంది. కాబట్టి ఇంజెక్షన్ గురించి అడిగే ముందు మీ ఇన్‌హేలర్ వెంట తీసుకెళ్లి డాక్టర్ ముందు ఒకసారి పీల్చి చూపించండి, స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కు తగిలించే ఖాళీ గొట్టం, కావాలేమో అడగండి.